కాఫీలో ముంచిన కోడిపిల్ల

ఈ బెత్లెహేము ఏసు పుట్టింది కాదు. పెన్సిల్వేనియాలో, నది పక్కన, చల్లారి ఇరవై ఏళ్ళు దాటిన ఉక్కు కొలుముల నీడలో ఉన్నది. ఇక్కడ పుట్టేవి కోడిపిల్లలు. ఒళ్ళంతా పసుప్పచ్చ పంచదార, ఆవగింజలంత కళ్ళు రెండు, పట్టుకుంటే దూదిదిండులా నొక్కుకుపోయే మార్ష్‌మెలో కోడిపిల్లలు. ఊళ్ళో మిఠాయి ఫ్యాక్టరీ ఉంది. ఏ ఇంటి తలుపు తట్టినా అందులో పనిచేసిన అత్తో పిన్నో ఒకరు బయటికొస్తారు. అందుకని ఈస్టరు బల్ల మీద పంది తొడమాంసం తగ్గితే సర్దుకుంటారేమో గాని, కోడిపిల్లలు లేకపోతే పండగ రాలేదనే లెక్క.

ఎమిల్ చెర్వెనక్‌కి అరవై ఎనిమిదేళ్ళు. ఇరవై ఆరేళ్ళు ఉక్కు కార్ఖానాలో చేశాడు. అది మూతపడ్డాక పదిహేడేళ్ళు సిటీ బస్సు నడిపాడు. అన్నేళ్ళలో ఒక్క స్టాపు మరిచిపోలేదని పేరు. ఇంట్లో మాత్రం ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మనిషి. తెలుసుకునే అవసరం రాలేదు. బెర్నడీన్ ఉండేది.

బెర్నడీన్ కిందటి అక్టోబరులో పోయింది. ఇది ఆమె లేని మొదటి ఈస్టరు.

ఫిబ్రవరిలోనే కూతురు క్రిస్టా నది అవతలి నుంచి ఫోను చేసింది.

"నాన్నా, పండగ భోజనం ఈసారి మా ఇంట్లోనే. మాంసం నేను చేస్తాను. రొట్టె మా అత్తగారు తెస్తారు. నువ్వు ఒక్క కోడిపిల్లలు తే, చాలు. అమ్మ తెచ్చేలాంటివి."

"అంతేనా?"

"అంతే. అదొక్కటీ మర్చిపోకు నాన్నా. టెస్సా ఇప్పటినుంచే అడుగుతోంది."

అమ్మ తెచ్చేలాంటివి అంటే గట్టివి.

దాని వెనక ఒక కథ ఉంది. పెళ్ళైన మొదటి ఏడు బెర్నడీన్, ఈస్టరుకి ముందొచ్చే నలభై రోజుల తపస్సు కాలం మొదలవక ముందే కోడిపిల్లలు కొని ఫ్రిజ్ మీద పెట్టింది. ప్యాకెట్టు మూల చిరిగి ఉన్న సంగతి చూసుకోలేదు. నలభై రోజులు గాలి తగిలి, పండగ నాటికి అవి పళ్ళ కింద కటుక్కుమన్నాయి. కొత్త పెళ్ళికూతురి మొహం చిన్నబోయింది. ఎమిల్‌కి పన్ను కదిలినంత పనయింది. అయినా నవ్వుమొహం పెట్టి, "ఇలా ఉంటేనే నాకిష్టం" అన్నాడు. కొత్త మొగుళ్ళు ఇలాంటివి వంద అంటారు, మర్నాటికి మరిచిపోతారు. బెర్నడీన్ మరిచిపోలేదు.

మరుసటి ఏడు నుంచీ విభూది బుధవారం చర్చి నుంచి రాగానే, నుదుటి మీద బూడిద గుర్తైనా చెరగకుండానే, గోళ్ళ కత్తెర తీసి ప్యాకెట్లన్నిటికీ పొట్ట కోసేది. ఫ్రిజ్ మీద వరసగా పేర్చి పల్చటి గుడ్డ కప్పేది. "మనతోపాటు ఇవీ నలభై రోజులు ఎండనీ" అనేది. ఎమిల్ రెండేళ్ళు ఓర్చుకున్నాడు. మూడో ఏటికి అబద్ధం నిజమై కూర్చుంది. పైన కటుక్కుమని, లోపల జీడిలా సాగే ఆ కోడిపిల్ల లేకపోతే అతని నోరు పండగ చేసుకునేది కాదు. భోజనాలయ్యాక ఇద్దరూ వంటింట్లో ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. అతను కొరికేవాడు. ఆమె తనదాన్ని తలకిందులుగా వేడి కాఫీలో ముంచి, కాసేపు పట్టుకుని, అప్పుడు తినేది.

"ఈత నేర్పుతున్నావా?" అనేవాడు ఏటా.

"నా గోల నీకెందుకు, నువ్వు కొరుక్కో" అనేది ఏటా.

అందుకని ఈ ఏడు ఎమిల్ చాలా జాగ్రత్త పడ్డాడు. విభూది బుధవారానికి రెండు రోజుల ముందే ఆరు ప్యాకెట్లు కొన్నాడు. ఫ్రిజ్ మీద వరసగా పేర్చాడు. అదే గుడ్డ వెతికి మరీ కప్పాడు. పొద్దున్నే కాఫీ పెట్టుకుంటూ అటు చూసినప్పుడల్లా, ఇల్లు దిద్దుకుంటున్న మగాడిలా ఛాతీ కాస్త ముందుకొచ్చేది. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం గుడ్డ ఎత్తాడు.

ఆరు ప్యాకెట్లూ బిర్రుగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. అన్నీ చేశాడు, కత్తెర ఒక్కటి తియ్యలేదు. నలభై రోజుల తపస్సులో అరవై కోడిపిల్లల్లో ఒక్కదానికీ రవ్వంత గాలి సోకలేదు. వేలితో నొక్కితే లోపలికెళ్ళి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు పైకొచ్చాయి.

ఎమిల్ కుర్చీలో కూలబడ్డాడు. ఒక్కటి మర్చిపోకు అంది పిల్ల. ఆ ఒక్కటే మర్చిపోయాడు.

ఉక్కు కాచినవాడికి పంచదార గట్టిపరచడం ఒక లెక్కా అని పౌరుషం వచ్చింది. పది కోడిపిల్లల్ని బెర్నడీన్ పళ్ళెంలో పెట్టి ఓవెన్లోకి తోశాడు. పది నిమిషాల్లో పదీ కలిసి ఒక పసుప్పచ్చ దుప్పటయ్యాయి. దుప్పటి మీద ఇరవై కళ్ళు. మైక్రోవేవులో పెట్టిన రెండూ పావురాలంత లావెక్కి, అంతలోనే ముసలివాళ్ళై ముడుచుకుపోయాయి. మూడోసారి బెర్నడీన్ జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చి ఊదాడు. పంచదారంతా ఎగిరి అతని కళ్ళజోడు మీద వాలింది. కోడిపిల్లలు మాత్రం గుండు కొట్టించుకున్నట్టు మిగిలాయి. సాయంత్రం ఫ్యాను ముందు ఇంకో ప్యాకెట్టు విప్పి పెట్టి, వాటి ముందు కాపలా కూర్చుని, కూర్చున్నచోటే కునుకు తీశాడు.

శనివారం పొద్దున్న కూడా మెత్తగానే ఉన్నాయి. బయట సన్నగా తుంపర. అయినా ఆశ ఊరుకోదు కదా, ఫ్యాను ముందున్న వాటిలో ఎనిమిదింటిని తీసి, కారు ముందద్దం కింద వరసగా నిలబెట్టి, వాటి మీదికి వేడిగాలి తిప్పాడు. పక్క సీట్లో పండగ బుట్ట పెట్టుకున్నాడు, ఈస్టరు ముందు రోజు చర్చిలో దీవెన పెట్టించే తిండి బుట్ట. బెర్నడీన్ బుట్ట చర్చికి వెళ్ళని ఏడు లేదు. ఈ ఏడూ ఆగకూడదు. ఉడికించిన గుడ్లు, సాసేజీ, ఎర్ర దుంప పచ్చడి, వెన్నముద్దలో తను చెక్కిన గొర్రెపిల్ల, పాలూ గుడ్లూ కాచి గుడ్డలో తను కట్టిన జున్ను, మిషను ఊదిన వాటిలో కాస్త బిరుసెక్కినట్టున్న రెండు బోడి కోడిపిల్లలు. కోడిపిల్లల్ని మిగతావాళ్ళెవరూ దీవెనకి పెట్టరు. కానీ ఈ పరిస్థితిలో పైవాడి సాయం తప్ప దారి లేదు.

చర్చి ముందు కారు ఆపేసరికి ఆండీ బోడ్నర్ ఎదురయ్యాడు. ఉక్కు కార్ఖానా రోజుల నుంచీ స్నేహితుడు. కారు అద్దంలోంచి ఎనిమిది కోడిపిల్లలు అతన్నే చూస్తున్నాయి.

"ఒరేయ్ ఎమిల్! ఈ ట్రిప్పుకి జనం బాగానే ఎక్కారే!"

"నోర్ముయ్యరా. ఆరబెడుతున్నా."

"వానలోనా?"

ఎమిల్ బుట్టకి గుడ్డ సరిగ్గా కప్పుకుని, ఏమీ విననట్టు మెట్లు దిగి చర్చి కింది హాల్లోకి వెళ్ళాడు.

పొడవాటి బల్లల మీద ముప్పై నలభై బుట్టలు. పొగబెట్టిన సాసేజీల వాసనకి హాలంతటికీ ఆకలేస్తోంది. ఎమిల్ తన బుట్ట పెట్టిన చోట పక్క బుట్ట ఐరీన్ సాబోల్‌ది. ఐరీన్ బెర్నడీన్‌కి చిన్ననాటి నేస్తం. మిఠాయి ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు ప్యాకింగులో చేసింది, పెళ్ళి చేసుకోలేదు, మాట మొహాన కొడుతుంది. ఆమె బుట్ట మీద గుడ్డా, ఎమిల్ బుట్ట మీద గుడ్డా ఒకటే. ఎర్రదారంతో అదే శిలువ, అవే పువ్వులు. రెండూ బెర్నడీన్ కుట్టినవే.

ఫాదరు వచ్చాడు. పూజారి మంచివాడే గాని చెయ్యి పెద్దది. దీవెన నీళ్ళలో కుంచె ముంచి విదిల్చాడంటే ముందు వరస తలలన్నీ తడవాల్సిందే. ప్రార్థనకని గుడ్డలన్నీ తీశారు. ఫాదరు ఒక్కో బల్లా తడుపుకుంటూ వస్తున్నాడు. ఎమిల్ గుండె ఆ కుంచెతో పాటు దగ్గరికొచ్చింది. నిన్న మధ్యాహ్నం నుంచి ఒక్క చెమ్మ బొట్టు పోగొట్టడానికి నానా పాట్లు పడ్డ మనిషి. కుంచె లేచింది. ఆలోచించకుండానే అతని రెండు అరచేతులూ బుట్టలోని కోడిపిల్లల మీద గొడుగై లేచాయి.

హాల్లో అందరూ కళ్ళు మూసుకున్నారు. ఐరీన్ మూసుకోలేదు.

"ఎమిల్," అంది గుసగుసగా, మూడు బల్లలకి వినపడేలా, "దేవుడి నీళ్ళకి గొడుగు పడుతున్నావేంటి?"

ఎవరో చిన్నపిల్ల కిసుక్కుమంది. ఫాదరు కూడా ఒక్క క్షణం ఆగి, ఎమిల్ వైపు చూసి, మర్యాదకి మొహాన ఇంకొంచెం నీళ్ళు కొట్టాడు. ఆమెన్ అనగానే బుట్టలన్నిటి మీదా మళ్ళీ గుడ్డలు పడ్డాయి. ఎమిల్ ఎర్రదారం శిలువ కనపడ్డ బుట్ట లాక్కుని, ఎవరి మొహమూ చూడకుండా కారులో పడ్డాడు.

రెండు వీధులు దాటాక కారు పక్కకి ఆపాడు. పొద్దున్నుంచీ కడుపులో ఏమీ లేదు. పండగ పొద్దుటి దాకా బుట్ట ముట్టకూడదు. బెర్నడీన్ ఉంటే చేతి మీద ఒక్కటి వేసేది. ఆమె లేదు కదా అని గుడ్డ కింద చెయ్యి పెట్టి, జున్ను చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు.

వేసుకుని, అలాగే ఉండిపోయాడు.

అది బెర్నడీన్ చేతి రుచి. జాజికాయ వాసన, తీపి తెలిసీ తెలియనట్టు, నాలుక మీద కరిగే తీరు. ఇంకో ముక్క తిన్నాడు. ఇంకోటి. కళ్ళు మూసుకుంటే ఎదురు కుర్చీలో మనిషి ఉన్నట్టే ఉంది. తెరిస్తే ఎనిమిది కోడిపిల్లలు చూస్తున్నాయి. నాలుగో ముక్క దగ్గర బుద్ధి పనిచేసింది. తను కట్టిన జున్ను రాత్రంతా వేలాడదీసినా పొద్దుటికి నీళ్ళు కారుతూనే ఉంది. ఇంత బాగుండే అవకాశమే లేదు.

గుడ్డ పూర్తిగా తీశాడు. లోపలున్న వెన్న గొర్రెపిల్లకి లవంగాల కళ్ళు, మెడలో ఎర్ర రిబ్బను. చూడగానే గొర్రెపిల్లే అని తెలుస్తోంది. కాబట్టి తనది కాదు.

ఐరీన్ ఇల్లు కింది వీధిలోనే. తలుపు తట్టకముందే తెరుచుకుంది.

"రా దొంగా," అంది. "నీ కోసమే కూర్చున్నా. ఈ కుక్కపిల్ల ఎవరిదా అని చూస్తున్నా."

వంటింటి బల్ల మీద ఎమిల్ బుట్ట తెరిచి ఉంది.

"అది గొర్రెపిల్ల," అన్నాడు ఎమిల్.

"గొర్రెకి చూపించు, ఒప్పుకుంటుందేమో." అంటూ తన బుట్ట అందుకుని లోపలికి చూసింది. "నా జున్ను ఏదీ?"

"కొంచెం తిన్నాను."

"ఇది కొంచెమా! సగం లేదు! పండగ ముందు రోజు, దీవెన పెట్టిన జున్ను, అదీ పరాయివాళ్ళది! ఒక్కసారికి ఎన్ని పాపాలు చేశావో లెక్క తెలుసా నీకు?"

"ఐరీన్, అది బెర్నడీన్ చేసినట్టే ఉంది. ఆగలేకపోయా."

ఐరీన్ బుట్ట కింద పెట్టింది. "ఉండదా మరి, నేర్పింది నేనే," అంది కాస్త తగ్గి. తర్వాత అతని బుట్టలోంచి బోడి కోడిపిల్లని తోక పట్టి ఎత్తింది. "దీనికేం జబ్బు?"

ఎమిల్ చెప్పాడు. కత్తెర మర్చిపోవడం, దుప్పటి, పావురాలు, జుట్టు మిషను, వేడిగాలి. జుట్టు మిషను దగ్గరికొచ్చేసరికి ఐరీన్ గోడ పట్టుకుని నవ్వుతోంది. అతను నవ్వలేదు.

"నీకు నవ్వులాటగా ఉంది. పిల్ల నన్ను అడిగింది ఒక్కటే. వాళ్ళమ్మ తెచ్చేలాంటివి తెమ్మంది. బల్ల మీద అన్నీ ఎవరో ఒకరు తెస్తారు. ఇవి తప్ప బెర్నడీన్‌ది అక్కడ ఇంకేముంటుంది? అవి కూడా నా చేతిలోనే పోయాయి."

ఐరీన్ నవ్వు ఆపింది. కుర్చీ లాగి, "కూర్చో," అంది. అతను కూర్చున్నాడు.

"ఎమిల్, దానికి గట్టివి ఇష్టమని నీకెవరు చెప్పారు?"

"చెప్పేదేముంది? నలభై ఏళ్ళు..."

"నలభై ఏళ్ళూ నీకోసం తింది. దానికి అవి కొరికితే పళ్ళు జివ్వుమనేవి. కాఫీలో ఎందుకు ముంచేదనుకున్నావ్?"

ఈత నేర్పుతున్నావా అని ఏటా తను అన్న మాట ఎమిల్‌కి గుర్తొచ్చింది.

"దీవెనయ్యాక ఏటా హాలు ఊడవాలని ఉండిపోయేది కదా?"

"అవును. ఇంట్లో గంటసేపు ఎదురుచూసేవాణ్ణి."

"హాలు ఊడ్చేది కుర్రకుంకలు. మేమిద్దరం ఇక్కడుండేవాళ్ళం. నువ్వు కూర్చున్నావే, ఆ కుర్చీలో అది. ఫ్యాక్టరీ కొట్లో ఆ వారమే కొన్న మెత్తటి ప్యాకెట్టు ఒకటి. పది కోడిపిల్లలు, చెరి ఐదు. మూతులకి పంచదార అంటించుకుని చిన్నపిల్లల్లా నవ్వుకునేవాళ్ళం. అద్దంలో చూసుకుని తుడుచుకుని మరీ నీ దగ్గరికొచ్చేది."

ఎమిల్ కూర్చున్న కుర్చీలోంచి లేవబోయాడు. మళ్ళీ కూర్చున్నాడు. తనకి తెలియని గంట ఒకటి నలభై ఏళ్ళుగా రెండు వీధుల అవతల జరుగుతూ ఉండేది. ఆ గంటలో బెర్నడీన్ మూతి నిండా పంచదార. అది తను ఒక్కసారి కూడా చూడలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పవే అని నేనెన్నిసార్లు అన్నానో. 'మొదటి ఏడు ఎంత మురిసిపోయి తిన్నాడో నీకు తెలియదే, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను' అనేది."

మురిసిపోయి! ఎమిల్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ మొదటి ఏటి సంగతి ఐరీన్‌తో అనలేదు. అంటే సోమవారానికల్లా ఊళ్ళో వీధులన్నిటికీ తెలిసిపోతుంది.

ఐరీన్ అల్మారా తెరిచి ప్యాకెట్టు ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. కొత్తది, మెత్తటిది.

"అలవాటుగా కొనేశా. ఈ ఏడు ఎవరితో తినాలో తెలియక అలాగే ఉంచా." గోరుతో చింపింది. "చెరి ఐదు."

"ఈస్టరు రేపు కదా?"

"సగం జున్ను మింగినవాడివి నువ్వా చెప్పేది?"

ఇద్దరూ తిన్నారు. ఇద్దరి మూతులకీ పంచదార అంటింది.

మర్నాడు క్రిస్టా ఇంట్లో భోజనాలయ్యాక ఎమిల్ తన సంచి విప్పి, మిగిలిన మూడు ప్యాకెట్లు పళ్ళెంలో పేర్చాడు. ఏడేళ్ళ మనవరాలు టెస్సా ముందు వేలితో నొక్కింది. తర్వాత ఒకటి కొరికి, చెవి దగ్గర చప్పుడు రాలేదేమా అని చూసింది.

"జెడో, ఇవి మెత్తగా ఉన్నాయి." వాళ్ళ ఇళ్ళలో తాతని జెడో అనీ, అమ్మమ్మని బాబా అనీ పిలుస్తారు. "బాబా తెచ్చేవి టక్కుమంటాయి."

"పర్లేదులే నాన్నా," అంది క్రిస్టా వెంటనే. ఆ పర్లేదు అనడంలోని జాలికి ఎమిల్‌కి తల కొట్టేసినట్టయింది.

"అవి మీ బాబావి కావు," అన్నాడు. "నావి. మీ బాబావి ఇవి."

"అదేంటి?" అంది క్రిస్టా.

చెప్పక తప్పలేదు. దేవుడి నీళ్ళకి గొడుగు పట్టడం, కుక్క మొహం గొర్రెపిల్ల, ఐరీన్ కుర్చీ అన్నీ చెప్పాడు. చివరికి, నలభై ఏళ్ళలో ఎవరికీ చెప్పని మొదటి ఏటి అబద్ధం కూడా చెప్పేశాడు. క్రిస్టా నవ్వి నవ్వి, ఆ నవ్వులోనే జేబురుమాలు వెతుక్కుంది. అల్లుడు కర్ట్ గొంతు సవరించుకున్నాడు.

"మామయ్యా, ఇప్పుడైతే చెప్పొచ్చనుకుంటా. మా పెళ్ళైన ఏడు మీ ఇంట్లో నా పంటి సిమెంటు ఊడింది. అత్తయ్య బాధపడుతుందని మింగేశాను."

"సిమెంటా?" అంది టెస్సా ఆనందంగా.

కాసేపటికి అందరూ వరండాలోకి వెళ్ళారు. ఎమిల్ వంటింట్లో ఉండిపోయాడు. కాఫీ కప్పులో పోసుకుని ఎదురు కుర్చీ వైపు చూశాడు. కూతురి ఇంట్లో కుర్చీ, బెర్నడీన్ ఎప్పుడో గాని కూర్చోని కుర్చీ. అయినా చూశాడు. పళ్ళెంలోంచి ఒకటి తీసి, తలకిందులుగా పట్టి, ఆమె ముంచినట్టే ముంచాడు. వదిలేశాడు. ఆమె ఎప్పుడూ వదిలేది కాదు, మెత్తబడే దాకా పట్టుకునే ఉండేది. ఇది మునగలేదు. ఒక్క బుడగ వేసి, పక్కకి తిరిగి, కప్పులో తేలుతూ అతన్నే చూసింది. చుట్టూ పసుపు రంగు నెమ్మదిగా విడుస్తోంది.

టెస్సా నీళ్ళ కోసం వచ్చి ఆగింది.

"జెడో! ఈత కొడుతోంది!"

"ఊఁ. దీనికి ఎవరూ నేర్పక్కర్లేదు."

పిల్ల వెళ్ళిపోయింది. ఎమిల్‌కి ఒక్కటే అడగాలని ఉంది. దానికోసం నలభై ఏళ్ళూ వెనక్కి వెళ్ళి, ఆ మొదటి బల్ల దగ్గర మళ్ళీ కూర్చోడానికైనా సిద్ధమే. ఒక్క ముక్క నాకు చెప్పి ఉండకూడదూ, బెర్నడీన్?

ఆమె ఏమనేదో కూడా అతనికి తెలుసు. కాఫీలోంచి తలెత్తకుండానే అనేది.

"నువ్వు చెప్పావా మరి?"

కోడిపిల్ల సగం కరిగాక కప్పు ఎత్తి తాగాడు. గొంతు పట్టేసేంత తీపి. అడుగు దాకా తాగాడు.